తిన్నింటి వాసాలు లెక్కపెడతాను, తప్పేంటి?

కొంచెం పెద్ద పోస్టు. సగం చదివి కామెంట్ పెట్టొద్దు, మొత్తం చదివి తిట్టండి.

మొన్న మా హాస్టల్లో ఒక అన్న, "మిషన్ హోముల్లో పెరిగినోళ్లంతా అన్నానికి అమ్ముడుపోయినోళ్లే" అన్నాడు. నేను జవాబు చెప్పబోతే ఇంకో అన్న ఆపాడు. ఆయనా హోంలో పెరిగినవాడే. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదురా, ఊరుకో" అన్నాడు. ఊరుకోలేక ఇక్కడ రాస్తున్నా. నా లెక్కలో ఇద్దరిదీ తప్పే.

మాది సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గూడ. నాకు ఆరేళ్లప్పుడు అయ్య జ్వరంతో పోయాడు. అమ్మకి మిగిలింది పోడు మీద కొంచెం జీడితోట, నేను, చంటిపిల్ల చెల్లి. మా గూడకొచ్చే పాస్టరు గారు చెప్తే అమ్మ నన్ను కింద టౌన్లో ఒక హోంలో చేర్చింది. దాని పేరు రాయను. తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నా. మూడు పూటలా అన్నం పెట్టారు. జ్వరమొస్తే రాత్రిపూట కూడా ఆస్పత్రికి మోసుకెళ్లారు. నా ఫీజు, పుస్తకాలు, బట్టలు అన్నీ సముద్రం అవతల ఉన్న ఒక పెద్దావిడ నెలనెలా పంపిన డబ్బే. మా ఇంట్లో పదో తరగతి దాటింది, డిగ్రీలో అడుగుపెట్టింది నేనే మొదలు.

కాబట్టి మొదటి అన్నా, నేను అమ్ముడుపోలేదు. ఆకలేసిన పిల్లోడు అన్నం తిన్నాడు, అంతే. ఆ రోజు ఆ అన్నం పట్టుకుని నువ్వు రాలేదు, మన సంఘాలూ రాలేదు. నేను ప్రార్థన చేస్తానా, మన కొండదేవతకి మొక్కుతానా అన్నది నా ఇష్టం. కంపాషన్ అనే క్రైస్తవ సంస్థకి విదేశీ డబ్బు రాకుండా ప్రభుత్వం ఆంక్షలు పెడితే 2017 మార్చిలో అది మన దేశంలో పని ఆపేసింది. సుమారు లక్షా నలభై ఐదు వేల మంది పిల్లల స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది. దానికి చప్పట్లు కొట్టేవాళ్లని ఒకటే అడుగుతా. ఆ జూన్‌లో ఆ పిల్లల ఫీజు ఎవరు కట్టారు? మీరు కట్టారా?

స్పాన్సర్‌షిప్ వల్ల ఒరిగేదేం లేదు అనేవాళ్లకి కూడా ఒక మాట. బ్రూస్ వైడిక్ అనే ఆర్థికవేత్త, మరో ఇద్దరు కలిసి ఇదే కంపాషన్ స్పాన్సర్‌షిప్ మీద మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో పది వేల మందికి పైగా వివరాలు తీశారు. 2013లో అచ్చయింది. స్పాన్సర్ దొరికిన పిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు. ఇది చిన్న విషయం కాదు. మన గూడల్లో ఆ ఒక్క ఏడాదే టెన్త్ ఫెయిల్‌కీ ఇంటర్‌కీ మధ్య తేడా.

కానీ ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ పద్ధతిలో పిల్లలు ఉండేది ఇంట్లోనే. అమ్మ దగ్గర పడుకుని, బడికెళ్లి, సెంటరుకి వెళ్లొస్తారు. అంటే మేలు చేసింది స్పాన్సర్ డబ్బు, తల్లి నుంచి విడదీయడం కాదు.

ఇప్పుడు రెండో అన్నా, నీ వాసాల దగ్గరికొస్తా. నేను ఏడో తరగతిలో ఉండగా ఒకసారి విదేశీ అతిథులొచ్చారు. అదే రోజు అమ్మ జీడిపిక్కలు అమ్మిన డబ్బుతో జంతికలు కొనుక్కుని నన్ను చూడ్డానికొచ్చింది. గేటు దగ్గరే ఆపేశారు. "వాళ్లు వెళ్లాక రామ్మా" అన్నారు. సాయంత్రం దాకా ఎండలో నిలబడింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. మరుసటేడు ఆఫీసు గది ఊడుస్తుంటే నా ఫైలు కనబడింది. తండ్రి: లేరు. తల్లి: లేరు. అప్పుడు అర్థమయింది. ఆ పెద్దావిడకి ఉత్తరంలో "మా అమ్మకి ఒంట్లో బాలేదు, ప్రార్థన చేయండి" అని రాస్తే ఎందుకు చింపి కొత్త కాగితం ఇచ్చారో కూడా అప్పుడే తెలిసింది.

అన్నం పెట్టినందుకు దండం పెడతా. బతికున్న మా అమ్మని కాగితం మీద చంపినందుకు కూడా దండం పెట్టమంటావా?

ఇది నా ఒక్కడి గొడవ కాదు. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి సంస్థల్లో ఉన్న ప్రతి ఐదుగురు పిల్లల్లో కనీసం నలుగురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని 2009లో సేవ్ ద చిల్డ్రన్ నివేదిక చెప్పింది. వాళ్లకి లేనిది తల్లి కాదు, డబ్బు. పేదరికానికి అనాథ అని పేరు పెడితే చందాలు వస్తాయేమో గానీ పిల్లాడికి గూడ పోతుంది, భాష పోతుంది. టెన్త్ సెలవులకి ఇంటికెళ్తే మా అవ్వ సవరలో ఏదో అడిగింది. నాకు రాలేదు. అమ్మ తెలుగులో చెప్పాల్సొచ్చింది.

బైబిల్ నాకూ నేర్పారు. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివర చూడండి. అక్కడ అనాథలని, విధవరాళ్లని కలిపే చెప్పాడు. మీరు పిల్లాణ్ణి లోపలికి తీసుకుని, విధవరాలిని గేటు బయట నిలబెట్టారు. సగం వాక్యమే పాటించారు.

చట్టం కూడా ఇదే చెప్తోంది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం హోం అన్నది ఆఖరి దారి. భర్త పోయిన తల్లి దగ్గరున్న పిల్లలకి స్పాన్సర్‌షిప్ ఇవ్వొచ్చని అందులోనే ఉంది. మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 రూపాయలు. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టాలి. ఇది మన గూడల్లో ఎంతమందికి తెలుసు? మిషన్లని తిట్టే పోస్టులు ఎన్నో చూశా, ఈ ఫారం ఎలా నింపాలో చెప్పిన పోస్టు నాకు ఒక్కటీ కనబడలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన వర్షాకాలంలో మా చిన్నాన్న పోయాడు. పిన్నికి ఏడేళ్ల పాప. అదే హోంకి పంపుదామంటున్నారు. "నువ్వు చదువుకున్నోడివి, చెప్పు బాబూ" అని పిన్ని నన్నడిగింది. పోయిన వారం ఇద్దరం వెళ్లి వాత్సల్య దరఖాస్తు ఇచ్చొచ్చాం. హోం వాళ్లనీ అడిగా: ఆ డబ్బేదో పాప ఇంట్లో ఉండగానే ఇవ్వండి, గూడ బడిలో చదువుతుంది, ఆదివారం మీ దగ్గరికొస్తుంది అని. ఆలోచిస్తామన్నారు.

రెండూ రాకపోతే? పాపని పంపమనే చెప్తా. ఆకలితో ఇంట్లో ఉంచి సిద్ధాంతం మాట్లాడను. కానీ ఈసారి ఫారం నేనే నింపుతా. తల్లి: ఉన్నారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ రాస్తా. దాని నకలు నా దగ్గర పెట్టుకుంటా.

మీ గూడలో కూడా ఇలాంటి పిన్ని ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఫారం నింపడానికి నేనొస్తా. జై ఆదివాసీ.