గోదురుకప్ప, తాటిచెట్టు: జాబితా చెప్పేది, చెప్పనిది

పరిరక్షణ చర్చలలో ‘ఉభయచరాలు’, ‘తాళవృక్షాలు’ అనే మాటలను సమాన స్థాయి సమూహాలుగా వాడుతుంటాము. వర్గీకరణ దృష్ట్యా ఇది సరికాదు. ఉభయచరాలు జంతురాజ్యంలో ఒక విభాగం. తాళవృక్షాలు వృక్షరాజ్యంలో ఒక కుటుంబం మాత్రమే. కావున పోలిక జాతికి జాతితోనే సాగాలి.

డైక్రోగ్లాసిడే కుటుంబానికి చెందిన గోదురుకప్ప (హాప్లోబట్రాకస్ టైగరినస్), అరికేసి కుటుంబానికి చెందిన తాటి (బొరాసస్ ఫ్లాబెల్లిఫర్) తెలంగాణ పల్లెలకు చిరపరిచితాలు. కాళ్ల ఎగుమతి కోసం విస్తారంగా వేటాడబడిన గోదురుకప్ప 1985లో సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరింది. 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ఈ జాతిది ‘స్వల్ప ఆందోళన’ శ్రేణి. అండమాన్ దీవులలోనైతే ఇదే కప్ప బయటి నుండి వచ్చి స్థానిక జీవులకు ముప్పుగా మారింది. తాటికి సైట్స్ అనుబంధాలలో చోటు లేదు. మన పాలనలో అది ప్రధానంగా కల్లుగీతకు సంబంధించి ఆబ్కారీ శాఖ లెక్కలలో కనిపిస్తుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాలలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 3న నిలిపివేసింది. ఇటువంటి వివాదాలలో ‘అక్కడ అంతరించిపోతున్న జాతులున్నాయా?’ అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. అది అవసరమే కాని చాలదు.

గోదురుకప్ప తొలకరి నీటి గుంటలలో గుడ్లు పెడుతుంది. తోకకప్పలు ఎదిగే కొన్ని వారాలపాటు ఆ నీరు నిలవాలి. గుంటను పూడ్చితే ఆ నష్టం మరుసటి వానాకాలానికే తెలుస్తుంది. తాటిలో ఆడ, మగ చెట్లు వేరు. పూతకు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. మొవ్వు నరికితే మరల చిగురించదు. లేత మొక్కలు లేకపోయినా పెద్ద చెట్లు దశాబ్దాలు నిలిచే ఉంటాయి గనుక, నష్టం కంటికి కనబడదు. ప్రపంచస్థాయి శ్రేణి ఈ రెంటిలో దేనినీ చెప్పదు.

అందువలన క్షేత్ర సర్వేలలో జాతి పేరు, శ్రేణితోపాటు గుంటలో నీరు నిలిచిన రోజులు, తోకకప్పల ఉనికి, తాటిలో ఆడ, మగ చెట్ల సంఖ్య, లేత మొక్కల సంఖ్య నమోదు కావాలి. విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ పనిని గ్రామస్థాయిలో చేపట్టగలరు. ‘స్వల్ప ఆందోళన’ అన్నది జాతి మొత్తానికి వర్తించే మాట; ఒక చెరువుకో, ఒక గట్టుకో ఇచ్చిన అభయం కాదు.