బువ్వ నక్కో!

పాతబస్తీలో పుట్టిన పిల్లలకు మాటలు మూడు దిక్కుల నుంచి వస్తాయి. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, బడిలో, ఫోన్‌లో ఇంగ్లిష్. పిల్లలు ఆ మూడింటినీ ఒకే జేబులో వేసుకుని, చేతికి ఏది దొరికితే అది తీసి వాడేస్తారు. మా పెద్దపిల్లకు ఐదేళ్లు. లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ముందు ఆగి "అమ్మా, ఈ చూడీలు కొను" అంటుంది. 'చూడీ' ఉర్దూ, చివర్లో 'లు' మాత్రం మనది. నాకైతే దాన్ని సరిదిద్దాలని అనిపించదు. వినడానికే ముద్దుగా ఉంటుంది.

చిన్నోడి దగ్గరికి వచ్చేసరికి ఆ ముద్దు కాస్తా బెంగైంది. వాడికి రెండేళ్లు నిండాయి. అల్లరికి లోటు లేదు. కావాల్సినదాన్ని వేలుపెట్టి చూపిస్తాడు, మనం కదలకపోతే కొంగు పట్టుకుని లాక్కుపోతాడు. కానీ వాళ్లక్క ఆ వయసుకే గలగలా మాట్లాడేది. వీడు 'అమ్మ', 'పానీ', 'బిల్లీ' దగ్గరే తిరుగుతున్నాడు.

ఇంకేముంది, సలహాల వాన మొదలైంది. ఊరి నుంచి మా పిన్ని ఫోన్ చేసి "వస పొయ్యలేదా వాడికి? వసకొమ్ము అరగదీసి నాకించు, వసపిట్టలా వాగుతాడు" అంది. ప్లేస్కూల్‌లో మేడమ్ "ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే వాడండి, రేపు ఎల్‌కేజీకి ఈజీ అవుతుంది" అన్నారు. మా అత్తమ్మది వేరే లెక్క. "ఇంట్ల ఒకటి, బయట ఒకటి మాట్లాడితే పిలగాడు ఆగమైతడు. ఒక్కటే భాష పెట్టున్రి. కొన్నొద్దులు పక్కింటికి పంపకు" అంది.

ఆ చివరి మాటే నాకు గుచ్చుకుంది.

పక్కిల్లు అంటే ఖాలా ఇల్లు. మా గోడకు ఆనుకునే ఉంటుంది. నేను ఇంట్లో కూర్చుని రెండు బట్టల దుకాణాల జీఎస్టీ లెక్కలు చూస్తాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు చిన్నోణ్ని ఖాలా తీసుకెళ్తుంది. వాళ్ల మిద్దె మీద పావురాలున్నాయి, ఇంట్లో ఆమె మనవలున్నారు. నాకు రోజు మొత్తంలో తల ఎత్తకుండా పని చేసుకోగలిగేది ఆ రెండు గంటలే. అవి పోతే నా పని పోయినట్టే. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీరు ఉర్దూ మాట్లాడటం వల్లే మా వాడికి మాటలు రావట్లేదని, వాణ్ని చంకనెత్తుకుని పెంచిన మనిషితో ఏ నోటితో చెప్పాలి?

నేను చెప్పలేదు. కానీ గల్లీలో గోడలకు చెవులుంటాయి కదా. ఒకరోజు ఖాలా రోజూలా లోపలికి రాకుండా గడప అవతలే నిలబడి "బచ్చేకు భేజ్తే క్యా, నక్కో క్యా?" అని అడిగింది. పిల్లాణ్ని పంపిస్తావా, వద్దా అని. ఆ ప్రశ్న మాములుగానే అడిగింది, కానీ కళ్లు మాత్రం నా మొహం మీద లేవు.

"పంపిస్తా ఖాలా, ఎందుకు పంపను" అన్నాను. ఆ మర్నాడే పిల్లల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

డాక్టరమ్మ భాషల గురించి అసలు అడగనే లేదు. ఆవిడ మొదటి ప్రశ్న, "వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా?" రెండోది, "జలుబు ఎక్కువగా చేస్తుందా?" పిల్లలకు మాటి మాటికీ జలుబు చేస్తే ఒక్కోసారి కర్ణభేరి వెనక నీరు చేరుతుందట. అప్పుడు బయటి మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు మసకగా వినిపిస్తాయి. సరిగ్గా వినపడని మాట నోటికి ఎలా వస్తుంది? అందుకే మాట ఆలస్యమైతే ముందు చెవి పరీక్ష చెయ్యాలి అన్నారు. వసకొమ్ము మాటెత్తితే వద్దంటే వద్దన్నారు.

ఓఏఈ అని ఒక పరీక్ష ఉంది. చెవిలో చిన్న బిరడా లాంటిది పెట్టి మెల్లగా శబ్దాలు పంపిస్తారు. లోపలి చెవి వాటికి ఎలా స్పందిస్తోందో మిషన్ చూపిస్తుంది. నొప్పి ఉండదు. కాకపోతే పిల్లాడు కదలకూడదు, నిద్రపోతే ఇంకా మంచిది. అమ్మలారా, ఈ మాట చదివి మీరు నవ్వుతారని తెలుసు. పొద్దుటి నుంచి కునుకు తియ్యనీయకుండా ఆడించి, ఆటో ఎక్కించాం. మదీనా సెంటర్ ట్రాఫిక్‌లో హాయిగా నిద్రపోయాడు. ల్యాబ్ మెట్లెక్కగానే కళ్లు తెరిచి, ఇక మూసింది లేదు. మళ్లీ ఇంకోరోజు వెళ్లి చేయించాం. రెండు చెవులూ బాగున్నాయని చెప్పేదాకా నేను ఊపిరి బిగపట్టే ఉన్నాను.

తర్వాత డాక్టరమ్మ మాకో హోంవర్క్ ఇచ్చారు. వారం రోజుల పాటు వాడు అనే ప్రతి మాటా రాయాలి. ఏ భాషైనా సరే, అన్నీ కలిపి లెక్క. స్పష్టంగా పలకక్కర్లేదు. ఒక వస్తువుకు ప్రతిసారీ అదే శబ్దం వాడితే అది మాటే. కుక్కను 'బౌ బౌ' అన్నా మాటే.

పాత క్యాలెండర్ వెనకాల మూడు గడులు గీసి వంటింట్లో తగిలించాను. ఖాలాకు కూడా ఓ కాగితం ఇచ్చాను. ఆమె చెబుతుంటే ఆమె మనవరాలు రాసింది. వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. తెలుగు 21, ఉర్దూ 17, ఇంగ్లిష్ 5. మొత్తం 43!

నేను మహా అయితే పదిహేను ఉంటాయనుకున్నాను. ఖాలా కాగితంలో ఉన్న సగం మాటలు మా ఇంట్లో ఎవరూ విననే లేదు. కబూతర్‌ను 'బూతర్' అంటాడట. ఛత్, చాంద్, ఊపర్, దూద్. మిద్దె మీద పావురాల మధ్య వాడు రోజూ ఇన్ని మాటలు మాట్లాడుతుంటే, కింద మేము వీడికి మాటలు రావట్లేదని కూర్చుని ఏడుస్తున్నాం. ఒక్క తెలుగే లెక్కేస్తే మా వాడి మాటల్లో సగం కూడా లెక్కకు వచ్చేవి కావు.

డాక్టరమ్మ జాబితా చూసి, "కాస్త నెమ్మదే, కానీ పెరుగుతున్నాడు. రెండు మాటలు కలుపుతాడేమో గమనించండి, మూడు నెలలకు మళ్లీ రండి. ఏ భాషా ఆపొద్దు" అన్నారు. రెండు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఈ విషయంలో పరిశోధనలన్నీ చాలాకాలంగా ఒకే మాట చెబుతున్నాయి. ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువగా కనిపించవచ్చు. రెండూ కలిపితే మిగతా పిల్లలతో సమానంగానే ఉంటాయి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపితే అది తికమక కాదు, ఉన్న మాటలతో పని జరుపుకునే తెలివి. నిజంగా ఆలస్యం ఉన్న పిల్లల్లో కూడా ఒక భాషను కోసేస్తే రెండోది బాగుపడదు. వాళ్లతో మాట్లాడే మనిషి ఒకరు తగ్గుతారు, అంతే.

ఇక ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడమన్న సలహా. నేను ఇంగ్లిష్‌లో మాట్లాడితే ఇలా ఉంటుంది: "యాపిల్. రెడ్ యాపిల్. ఈట్." అంతటితో సరి. అదే తెలుగులో అయితే, "అబ్బ, ఎంత ఎర్రగా ఉందో చూడు! కొరుకుతావా? మెల్లగా, గింజ మింగకు. తియ్యగా ఉందా? అక్కకో ముక్క పెట్టవా?" అని సాగుతూనే ఉంటుంది. పిల్లలకు కావాల్సింది అదే. అమ్మకు నోటి నిండా వచ్చే భాష ఏదైతే అది. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు చెప్పమంది.

అసలు ఈ ఊళ్లో 'ఒక్కటే భాష' ఎప్పుడు ఉందని? 1591లో హైదరాబాద్ కట్టిన కులీ కుతుబ్ షా దక్కనీలో కవిత్వం రాశాడు. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ముచ్చటగా 'మల్కిభరాముడు' అని పిలుచుకున్నారు. అచ్చ తెలుగులో మొదటి కావ్యంగా పేరున్న 'యయాతి చరిత్ర'ను పొన్నిగంటి తెలగనార్యుడు అమీన్‌ఖాన్‌కే అంకితమిచ్చాడు. ఇక్కడి ఉర్దూలో రోజూ వినిపించే 'నక్కో' మరాఠీ నుంచి వచ్చింది. మన 'దవాఖాన', 'పరేషాన్' ఎక్కడివో చెప్పక్కర్లేదు.

ఒక్కటే భాష పెట్టమన్న మా అత్తమ్మే ఓ సాయంత్రం గడపలో చెప్పులేసుకుంటూ "జర జల్దీ రా, దుకాణ్ బంద్ చేస్తరు" అంది. "అత్తమ్మా, ఇందులో ఉర్దూ మాటలు ఎన్ని?" అని అడిగాను. జర, జల్దీ, దుకాణ్, బంద్ అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "నాలుగా! గివి తెలుగే గదనే?" అని పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత పక్కింటికి పంపొద్దన్న మాట మళ్లీ రాలేదు.

అయితే ఒక్క హెచ్చరిక. 'వాళ్ల నాన్నకూ లేటుగానే వచ్చాయిలే' అని ఊరికే కూర్చోకండి. ఏడాది నిండినా బిడ్డ 'బబ్బబ్బ', 'దద్దద్ద' లాంటి శబ్దాలు చెయ్యకపోయినా, వేలుపెట్టి చూపించకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా డాక్టర్‌కు చూపించాలి. పిలిస్తే తిరగకపోయినా అంతే. వచ్చిన మాటలు పోతున్నాయంటే మాత్రం ఏ వయసైనా సరే, అస్సలు ఆలస్యం చెయ్యొద్దు.

డబ్బులకు భయపడి ఆగక్కర్లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లల్ని ఉచితంగా చూస్తాయి. ఎదుగుదల ఆలస్యం, వినికిడి లోపం లాంటివి ముందే పట్టుకోవడం వాళ్ల పనే. మీ గల్లీ అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే ఎప్పుడొస్తారో చెబుతుంది. వినికిడికి, మాటకు సంబంధించి అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. ఆ పేరు గల పెద్దమనిషి హైదరాబాదీయే.

మరి ఫోన్ సంగతి? రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒక చేత్తో రొట్టె కాలుస్తూ ఇంకో చేత్తో పిల్లాణ్ని పట్టుకునే అమ్మకు ఆ గంట ఎంత విలువైందో నాకూ తెలుసు. అయితే ఫోన్‌లో బొమ్మ వాడి 'బూతర్'కు బదులు చెప్పదు. ఖాలా చెబుతుంది. "హౌ బేటా, కబూతర్. ఉడ్ గయా" అంటుంది. ఒక మాటకు ఇంకో మాట తిరిగొస్తేనే పిల్లలకు మాటలు పెరుగుతాయి.

అలా మాటలు దొరికే చోట్లు పాతబస్తీలో బోలెడు. నాకు ఇష్టమైంది సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం. గంట కొట్టే వేళకు లోపలి నుంచి చిన్న గడ్డం మనిషి వచ్చి గంట మోగించి వెళ్తాడు. దాని ముందు పిల్లలంతా నేల మీద కూర్చుని ఎదురుచూస్తారు. ఎన్నిసార్లు కొడితే అన్ని అంకెలు. పక్కన ఎవరో 'ఏక్, దో' అంటారు, మేము 'ఒకటి, రెండు' అంటాం, చిన్నోడు రెంటికీ కలిపి 'టంగ్' అంటాడు. శుక్రవారం మాత్రం వెళ్లకండి, సెలవు.

రెండు నెలలు గడిచాయి. మొన్న రాత్రి పప్పన్నం ముద్ద నోటి దగ్గర పెడితే చిన్నోడు మొహం తిప్పేసుకుని "బువ్వ నక్కో!" అన్నాడు. రెండు మాటలు కలిపిన వాడి మొదటి వాక్యం! ఒకటి అత్తమ్మ నేర్పింది, ఇంకోటి ఖాలా నేర్పింది. అత్తమ్మ వెంటనే గోడ మీద దబదబా కొట్టి ఖాలాను పిలిచింది. వాడు ఆ రాత్రి ముద్ద మింగలేదు. మాకెవరికీ కోపం రాలేదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బుజ్జి ఉంటే, ఇవాళే ఫోన్ నోట్స్ తెరిచి వాడి మాటలు రాయడం మొదలుపెట్టండి. అమ్మమ్మను, పక్కింటివాళ్లను, పనికొచ్చే అక్కను కూడా అడిగి కలపండి. తక్కువైతే డాక్టర్‌కు చూపించడానికి పనికొస్తుంది. ఎక్కువైతే మీ గుండె నెమ్మదిస్తుంది. పదేళ్ల తర్వాత వాడే దాన్ని చదివి నవ్వుకుంటాడు. నా దగ్గర క్యాలెండర్‌లో ఇప్పటికి 80 దాటాయి. నాలుగో గడి కూడా గీశాను, ఏ భాషో తెలియని మాటల కోసం.