ఓడే జట్టుతో వఫాదారీ

అమెరికాలో మన తెలుగు ముస్లిం ఖాందాన్లు నాలుగు ఒకచోట కలిస్తే, దావత్‌లో దస్తర్‌ఖాన్ పరిచేలోపే క్రికెట్ మాట వచ్చేస్తుంది. బేస్‌బాల్ మాట మాత్రం పెద్దల నోట రాదు. వస్తే పిల్లల నోటే వస్తుంది. బుజుర్గులు నవ్వేసి ఊరుకుంటారు. "అది వాళ్ళ ఆట, మనకెందుకు బేటా" అంటారు. నా ఖయాల్ వేరు. మనం వచ్చి స్థిరపడిన ఊరు మన ఊరు కావాలంటే దాని ఖుషీలో పాలుపంచుకుంటే చాలదు, దాని గమ్‌లో కూడా కూర్చోవాలి. అందుకు అక్టోబర్ నెల బేస్‌బాల్‌ను మించిన మౌకా నాకు కనపడలేదు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. అమెరికా, కెనడాల్లో కలిపి మేజర్ లీగ్ జట్లు 30. మార్చి చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అంటే దాదాపు రోజుకొకటి. ఆ తర్వాత 12 జట్లే మిగులుతాయి. 2022 నుంచి ఇదే ఖాయిదా. మొదట మూడు మ్యాచ్‌ల సిరీస్, తర్వాత అయిదు, ఆ తర్వాత ఏడు, చివరిగా వరల్డ్ సిరీస్ కూడా ఏడు. బాగా ఆడి పైన నిలిచిన నాలుగు జట్లకు మొదటి మెట్టు ఎక్కే పని ఉండదు. దీన్నంతా కలిపి పోస్ట్‌సీజన్ అంటారు. ఆరు నెలల మెహనత్ ఒక్క నెలలో తేలిపోతుంది.

నేను గుంటూరు నుంచి వచ్చి సియాటిల్ పక్కన కాపురం ఉంటున్నవాణ్ణి. ఇక్కడి జట్టు పేరు మెరైనర్స్. 1977లో పుట్టింది. ఆ 30 జట్లలో ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వరల్డ్ సిరీస్ మెట్టు ఎక్కని జట్టు ఇదొక్కటే. గెలవకపోవడం వేరు, అక్కడికి చేరనే చేరకపోవడం వేరు. 2001లో ఇదే జట్టు 116 మ్యాచ్‌లు గెలిచింది. అంతకు మించి ఏ జట్టూ ఒక సీజన్‌లో గెలవలేదు. జపాన్ నుంచి వచ్చిన ఇచిరో ఆ ఏడు అడుగుపెట్టీ పెట్టగానే లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. అయినా అక్టోబర్‌లో న్యూయార్క్ యాంకీస్ చేతిలో అయిదు మ్యాచ్‌లకే సిరీస్ అయిపోయింది. ఆ తర్వాత 21 ఏళ్ళు పోస్ట్‌సీజన్ గుమ్మమే తొక్కలేదు.

ఇంతెజార్ ముగిసిన 2022లో ఏమైందో చూడండి. అన్నేళ్ళ తర్వాత సొంత మైదానంలో మొదటి పోస్ట్‌సీజన్ మ్యాచ్. ఎదురుగా హ్యూస్టన్. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌కు ముగిసే ఆట 18 ఇన్నింగ్స్ సాగింది. పదిహేడు ఇన్నింగ్స్ దాకా రెండు జట్లకూ సున్నా. పద్దెనిమిదో దాంట్లో హ్యూస్టన్ కుర్రాడు ఒక్క హోమ్ రన్ కొట్టాడు. 1-0. ఆరు గంటలకు పైగా నిలబడి గొంతులు పోగొట్టుకున్న జనం మాట లేకుండా ఇళ్ళకు నడిచారు.

ఇక 2025. ఆ ఏడు కాల్ రాలీ 60 హోమ్ రన్లు కొట్టాడు. వికెట్ కీపర్ లాంటి పని చేసే క్యాచర్, ప్రతి మ్యాచ్‌లో వందకు పైగా సార్లు కూర్చుని బంతి పట్టే మనిషి, అన్ని కొట్టడం అంతకు ముందు లేదు. అక్టోబర్ 10, జుమా రోజు. డెట్రాయిట్‌తో అయిదో మ్యాచ్, గెలిచినవాళ్ళు ముందుకు, ఓడినవాళ్ళు ఇంటికి. మామూలు సీజన్‌లో పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్ మీద ఒక ఆటగాణ్ణి ఊరికే నిలబెట్టి ఆటను తొందరగా ముగిస్తారు. పోస్ట్‌సీజన్‌లో ఆ రాయితీ లేదు. ఆట 2-2 దగ్గర ఆగి, సాగి, సాగి 15వ ఇన్నింగ్స్‌కు వచ్చింది. అక్కడ హోర్హే పొలాంకో కొట్టిన బంతికి మెరైనర్స్ 3-2తో గెలిచింది. దాదాపు అయిదు గంటలు. సాయంత్రం అయిదు దాటాక మొదలైన ఆటలో మా ఇంట్లో మగ్రిబ్ అయింది, ఇషా అయింది, అప్పటికీ స్కోరు కదల్లేదు. ఇన్నింగ్స్‌కూ ఇన్నింగ్స్‌కూ మధ్య వచ్చే విరామం, పిచ్చర్‌ను మార్చేటప్పుడు వచ్చే విరామం మన ఘరానాకు బాగానే సరిపోతాయి.

గుంటూరులో అప్పుడు తెల్లవారుజాము. సియాటిల్‌లో సాయంత్రం అయిదంటే అక్కడ పొద్దున అయిదున్నర. ఫజర్ చదివి చాయ్ తాగుతూ అబ్బా ఫోన్ చేస్తారు. ఆయనకు బేస్‌బాల్ రాదు. స్ట్రైక్ అంటే ఏంటో, బాల్ అంటే ఏంటో ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. "క్యా హువా, మీవాళ్ళు గెలిచారా?" అని మాత్రం అడుగుతారు. ఆ "మీవాళ్ళు" అన్న మాట నాకు చాలా ఇష్టం. కొడుకు ఉంటున్న ఊరు కొడుక్కి సొంతమైందని ఒక తండ్రి ఖుషీగా ఒప్పుకునే మాట అది.

తర్వాతి సిరీస్ టొరంటోతో. మొదటి రెండు మ్యాచ్‌లు వాళ్ళ ఊళ్ళో గెలిచి, తర్వాతి రెండు మన ఊళ్ళో ఓడి, అయిదోది గెలిచి, ఆరోది ఓడి, ఏడో దానికి చేరాం. అక్టోబర్ 20. ఏడో ఇన్నింగ్స్‌లో 3-1 ముందంజ. ఇంకా ఎనిమిది అవుట్లు తీస్తే 48 ఏళ్ళ ఉమ్మీద్ తీరుతుంది. అప్పుడు జార్జ్ స్ప్రింగర్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. 4-3తో ఓడిపోయాం. టొరంటో వరల్డ్ సిరీస్‌కు వెళ్ళి, అక్కడ వాళ్ళు కూడా ఏడో మ్యాచ్‌లో 11 ఇన్నింగ్స్ ఆడి 5-4తో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కు ఓడారు. ఆ రాత్రి టొరంటో వాళ్ళ మీద నాకు కోపం మిగల్లేదు. దర్ద్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళ మధ్య దుష్మనీ ఎక్కువ రోజులు నిలవదు.

ఇంత చెప్పాక మీరు అడిగే సవాల్ నాకు మాలూమే. "వాళ్ళకు కోట్ల డాలర్ల జీతాలు. వాళ్ళు ఓడితే నీ ఇంట్లో పొయ్యి ఆరిపోతుందా?" ఆరదు. నిజమే. ఆటగాళ్ళు కూడా ఈ ఏడు ఇక్కడ, వచ్చే ఏడు ఇంకోచోట. కానీ ఆ ఎనిమిది అవుట్ల గమ్ ఆటగాళ్ళ దగ్గర ఆగలేదు. మర్నాడు పొద్దున బస్సులో, ఆఫీసు లిఫ్టులో, పిల్లల స్కూలు గేటు దగ్గర జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలూపుకున్నారు. పేరు తెలియని వాళ్ళు, మన చర్మం రంగు చూసి "ఎక్కడి నుంచి వచ్చావు" అని అడిగే వాళ్ళు కూడా ఆ రోజు అది అడగలేదు. "చూశావా?" అని మాత్రమే అడిగారు. హిజాబ్ వేసుకుని బడికి వెళ్ళే మన ఆడపిల్లకు ఆ ఒక్క మాట ఎంత విలువో ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు. పౌరసత్వం కాగితం మీద వస్తుంది. అప్నాపన్ ఇలాంటి పొద్దుల్లో వస్తుంది.

ఇంకో ఏతిరాజ్ ఉంది, అది బేస్‌బాల్ తెలిసినవాళ్ళది. 162 మ్యాచ్‌లు ఆడించి, మూడు నాలుగు రోజుల్లో తేల్చేయడం ఏం ఇన్సాఫ్ అని. మాటలో బలం ఉంది. 2023లో వందకు తగ్గకుండా గెలిచిన మూడు జట్లూ తమ మొదటి సిరీస్‌లోనే ఇంటిదారి పట్టాయి. 84 మ్యాచ్‌లే గెలిచిన అరిజోనా వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళింది. అయినా నేను అక్టోబర్ పక్షానే ఉంటాను. సీజన్ అంతా ఎవరు బాగా ఆడారో 162 మ్యాచ్‌ల పట్టిక చెబుతూనే ఉంది, దాన్ని ఎవరూ చెరపలేదు. అక్టోబర్ అడిగేది వేరే ఇమ్తెహాన్. ఏడాది చదువుకూ మూడు గంటల పరీక్షకూ తేడా మన ఇళ్ళల్లో పిల్లలందరికీ తెలుసు. పరీక్ష పోయినంత మాత్రాన చదువు పోదు. 2001 నాటి 116 కూడా పోలేదు.

షికాగో కబ్స్ సంగతి వినండి. 1908లో గెలిచాక మళ్ళీ గెలవడానికి వాళ్ళకు 108 ఏళ్ళు పట్టింది. 2016 నవంబర్ మొదట్లో క్లీవ్‌లాండ్‌తో ఏడో మ్యాచ్ పది ఇన్నింగ్స్ దాకా వెళ్ళింది, మధ్యలో వాన కూడా పడింది, చివరకు 8-7తో కబ్స్ గెలిచారు. ఆ రోజుల్లో జనం రంగు చాక్‌పీసులు పట్టుకుని రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల దగ్గరకు వచ్చారు. చాలామంది రాసింది ఆటగాళ్ళ పేర్లు కాదు. ఈ రోజు చూడకుండానే పోయిన తమ నాన్నల, తాతల, నాయనమ్మల పేర్లు. చెయ్యి అందినంత మేరా గోడ పేర్లతో నిండిపోయింది. అప్పు, ఇల్లు, పొలం వారసత్వంగా ఇచ్చినట్టే ఒక ఇంతెజార్‌ను కూడా వారసత్వంగా ఇవ్వొచ్చని ఆ గోడ చూశాక నాకు అర్థమైంది. సబర్ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదని మన పెద్దలు చెబుతారు. ప్రతి ఏప్రిల్‌లో మళ్ళీ మొదటి మ్యాచ్‌కు టోపీ పెట్టుకుని బయల్దేరడం కూడా సబరే.

అందుకే మన నౌజవాన్లలో కొందరు చేసే పని నాకు నచ్చదు. సియాటిల్‌లో పుట్టి, ఇక్కడే పెరిగి, డాడ్జర్స్ టోపీ కొంటారు. డాడ్జర్స్ గొప్ప జట్టు, దాంట్లో షక్ లేదు. 2024, 2025 వరసగా రెండేళ్ళూ గెలిచారు. లాస్ ఏంజెలిస్‌లో ఉన్న మన పిల్లలు ఆ టోపీ పెట్టుకుంటే మాషాఅల్లాహ్. కానీ గెలుస్తున్నారు కాబట్టి నేను వాళ్ళ వాణ్ణి అనేది దోస్తీ కాదు, సౌదా. అలా అలవాటైన దిల్ రేపు ఓడిపోయిన దోస్తునూ, నౌకరీ పోయిన భాయినీ అలాగే వదిలేస్తుందేమో అని భయం.

సౌదా మాట వచ్చింది కాబట్టి అసలు ఖత్రా గురించి చెప్పాలి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాల్లో ఆటల మీద పందేలు చట్టబద్ధమయ్యాయి. మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఆదివాసీ తెగల కాసినోల ఆవరణలోనే అనుమతి. వేరే చాలా రాష్ట్రాల్లో ఫోన్‌లోనే. ఎవరు గెలుస్తారన్న దాని మీదే కాదు, రాబోయే ఒక్క బంతి మీద కూడా పందెం. 2025 నవంబర్‌లో క్లీవ్‌లాండ్ పిచ్చర్లు ఇద్దరి మీద ఫెడరల్ కేసు పడింది, పందెగాళ్ళ కోసం కావాలనే చెడ్డ బంతులు వేశారని. నేరం చేయలేదని వాళ్ళు అంటున్నారు, అదాలత్ తేలుస్తుంది. ఆ వెంటనే ఒక్కో బంతి మీద పందేన్ని 200 డాలర్లకు పరిమితం చేశారు. అసలు ఒక్క బంతి మీద పందెం ఎందుకు ఉండాలన్న సవాల్‌కు మాత్రం జవాబు లేదు.

ఈ జఖమ్ బేస్‌బాల్‌కు కొత్తది కాదు. 1919 వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్ళు డబ్బు తీసుకుని సిన్సినాటికి ఓడిపోయారన్న వ్యవహారం ఇంకా ఎవరూ మరచిపోలేదు. 1921లో కోర్టు వదిలేసినా ఎనిమిది మందిని ఆట నుంచి జన్మాంతం వెలివేశారు. మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా చట్టం చేసింది. ఎందుకు చేయాల్సి వచ్చిందో ఐపీఎల్ రోజుల్లో గుంటూరు, నెల్లూరు గల్లీల్లో కూలిన ఇళ్ళను అడిగితే చెబుతాయి. జువా హరామ్ అని మన పిల్లలకు బచ్‌పన్ నుంచీ చెబుతున్నాం. దానితో పాటు ఇంకో మాట కూడా చెప్పాలి. పందెం కాసినవాడు ఇక ఆట చూడలేడు. తన జట్టు ఓడినా తన డబ్బు వస్తే నవ్వుతాడు, గెలిచినా లెక్క తప్పితే ఏడుస్తాడు. వాడికి ఊరూ లేదు, జట్టూ లేదు, పక్క సీటువాడితో పంచుకోవడానికి గమ్ కూడా లేదు.

కాబట్టి వచ్చే అక్టోబర్‌లో మీ పిల్లలు టీవీ ముందు చేరితే వెంటనే కట్టేయమని కేకలు వేయకండి. నమాజ్ వేళకు లేపండి, హోమ్‌వర్క్ అడగండి, ఫోన్‌లో పందెం ఆప్ ఏదీ లేదని చూసుకోండి. తర్వాత పక్కన కూర్చుని స్ట్రైక్ అంటే ఏంటో అడగండి. చెప్పడానికి వాళ్ళకు ఎంత షౌఖో చూస్తారు. మీ ఊరి జట్టు గెలిస్తే గల్లీలోకి వెళ్ళి పొరుగువాళ్ళతో కలవండి. ఓడితే కూడా వెళ్ళండి, ఓ ప్లేటు సమోసాలు పట్టుకుని. ఆ రోజే తలుపు తొందరగా తెరుస్తారు.