ఫలితాలొచ్చాక వెతికితే ఆలస్యమే!

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, విజయవాడ కూడళ్లలో ర్యాంకుల హోర్డింగులు వెలుస్తాయి. అన్నీ ఎంపీసీ, బైపీసీ మొహాలే. చరిత్రో, రాజనీతిశాస్త్రమో, తెలుగు సాహిత్యమో చదువుతాననే పిల్లలు లేరా అంటే ఉన్నారు. ‘ముందు రిజల్ట్స్ రానీ, తర్వాత చూద్దాం’ అన్నదే ఇంట్లో వాళ్లకు దొరికే జవాబు. ఆ వాయిదాతోనే ఒక తలుపు మూసుకుపోతోంది.

ఎలాగంటారా? కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీటుకు రాసే పరీక్ష సీయూఈటీ. 2025లో దాని దరఖాస్తులు మార్చి 1న మొదలై, గడువు పొడిగించినా 24తో ముగిశాయి. మన ఇంటర్ ఫలితాలొచ్చింది ఏప్రిల్ 12న! అంటే మార్కులు చూసుకుని ‘హైదరాబాద్ పంపిద్దాం’ అనుకునేసరికే ఆ ఏడాదికి అవకాశం అయిపోయింది. తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి రెండో ఏడాది సంక్రాంతి నుంచే ఆ వెబ్‌సైట్ మీద ఒక కన్నేసి ఉంచాలి.

ఈ పరీక్ష 2022లో మొదలైంది. అంతకుముందు ఢిల్లీ విశ్వవిద్యాలయం పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లిచ్చేది. 2021లో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు శాతం. ఇప్పుడు అక్కడా సీయూఈటీ స్కోరే. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రాలు, భాషల అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ.కూ, అనంతపురంలో 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయానికీ ఇదే దారి. ఎంపీసీ చదివిన అమ్మాయి చరిత్ర పేపర్ రాయొచ్చా? 2025 నుంచి రాయొచ్చు, ఇంటర్‌లో ఏ సబ్జెక్టు చదివారన్న పట్టింపు తీసేశారు. ప్రశ్నపత్రం తెలుగులోనూ తీసుకోవచ్చు. చిక్కల్లా సిలబస్‌తోనే. అది ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాలది. పైగా తప్పు జవాబుకు ఒక మార్కు కోత.

అంత దూరం వద్దనుకుంటే ఊళ్లోనే మంచి కాలేజీలున్నాయి. 1937 నాటి ఎస్సారార్ అండ్ సీవీఆర్ ప్రభుత్వ కళాశాల, 1953లో వచ్చిన ఆంధ్ర లయోలా, ఆడపిల్లలకు 1962 నుంచి మేరీస్ స్టెల్లా. ఎస్సారార్‌లో విశ్వనాథ సత్యనారాయణ రెండు దశాబ్దాలపాటు తెలుగు పాఠాలు చెప్పారు. జ్ఞానపీఠం అందుకున్న తొలి తెలుగు రచయిత పాఠం చెప్పిన తరగతులవి, బీఏను చిన్నచూపు చూసేవాళ్లు గుర్తుంచుకోవాలి మరి! బీఏకు ప్రవేశపరీక్ష లేదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. 2020-21 నుంచి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లో ఇంటర్ మార్కుల ఆధారంగా సీట్లు కేటాయిస్తోంది. అటానమస్, మైనారిటీ కళాశాలల్లో పద్ధతేమిటో నేరుగా వెళ్లి అడగడం మేలు. అలాగే వెనకటిలా మూడు సబ్జెక్టులూ సమానంగా ఉండే బీఏ అనుకుని వెళ్లొద్దు. 2023-24లో మేజర్ పద్ధతి వచ్చింది, దేన్ని ప్రధానంగా చదవాలో చేరేటప్పుడే తేల్చుకోవాలి. పేరున్న కాలేజీ కదా అని చేరి, అక్కడ ఉన్న మేజర్‌తో సరిపెట్టుకోవడం మాత్రం మంచిది కాదు. చరిత్ర చదవాలనుకునేవాళ్లు చరిత్ర అధ్యాపకులు ఎందరున్నారో చూసుకోవాలి, భవనం కాదు.

మరి ఇంటర్ అప్పుడు ఇంజినీరింగ్‌కే తలవంచినవాళ్ల సంగతి? వాళ్లకూ దారి ఉంది. చాలా ఎం.ఏ.లకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయానికీ, గుంటూరు దారిలోని నాగార్జునకూ ఒకప్పుడు వేర్వేరు పరీక్షలు రాయాల్సి వచ్చేది. 2021 నుంచి రెంటికీ ఒకటే ఏపీ పీజీసెట్. వంద ప్రశ్నలు, గంటన్నర సమయం, తప్పు రాస్తే కోత లేదు. బీటెక్ పట్టా పెట్టెలో పెట్టి, నాలుగేళ్ల కిందట వాయిదా పడ్డ చరిత్ర పుస్తకాన్ని మళ్లీ తెరవొచ్చు.