నాన్న మోకాళ్లు, 24 గేర్లు

ఈసారి కథ కాదు, ఒక అభిప్రాయం రాస్తున్నాను. తెలుగులో వాదించడం నాకు కొత్త. మొదట ఇంట్లో నాన్నతో వాదించి ఓడిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా శాంటా క్లారా చదునైన ఊరు. శాన్ టోమస్ అక్వినో వాగు పక్కనే సైకిల్ దారి ఉంది. ఆదివారం నేనూ నాన్నా లీవైస్ స్టేడియం దాటి బే వైపు వెళ్లేవాళ్లం. నాన్న చిన్నప్పుడు గుంటూరులో గేర్లు లేని సైకిల్ తొక్కారు. ఇప్పుడు 24 గేర్ల సైకిల్ ఉన్నా, ఒకటే బరువైన గేరులో తొక్కుతారు. "ఈ ఊళ్లో గేర్లెందుకమ్మా?" అంటారు. మోకాళ్ల నొప్పి వచ్చి పోయిన నెల నుంచి రావడం మానేశారు.

నేనేమంటానంటే, చదునైన ఊళ్లోనే గేరు తప్పు బయటపడదు. కొండ మీద అయితే సైకిల్ ఆగిపోతుంది, వెంటనే తెలుస్తుంది. ఇక్కడ ఆ బరువు మోకాలు మోస్తుంది. మా దారి కొన్ని రోడ్ల కింద నుంచి వెళ్తుంది. అక్కడ దిగి, వెంటనే ఎక్కాలి. గేరు దిగేటప్పుడే మార్చాలి, ఎక్కేటప్పుడు కాదు. మధ్యాహ్నం బే నుంచి వచ్చే ఎదురుగాలి కూడా ఒక కొండే.

ఇంకో మాట. 24 గేర్లంటే 24 రకాలు కాదు. మా సైకిల్‌కి ముందు మూడు చక్రాలు, 48, 38, 28 పళ్లు. (చక్రానికి కూడా పళ్లే అంటారని తెలిసి చాలా నవ్వాను.) వెనక 11 నుంచి 32 పళ్ల దాకా ఎనిమిది. ముందు 28, వెనక 11 పెడితే, పెడల్ ఒకసారి తిరిగితే వెనక చక్రం సుమారు రెండున్నర సార్లు తిరుగుతుంది. ముందు 38, వెనక 15 పెట్టినా అంతే! కానీ మొదటిదాంట్లో చైను ఏటవాలుగా సాగుతుంది, వదులుగా ఉంటుంది, చిన్న చక్రం చుట్టూ ఎక్కువ వంగుతుంది. త్వరగా అరుగుతుంది, మన బలం కూడా కొంచెం వృథా. ముందు 48, వెనక 32 కూడా అలాంటిదే. దాని బదులు 38, 24 చాలు.

కాబట్టి ఈ ఊళ్లో ముందు మధ్య చక్రం మీద ఉంచి, వెనకవి మాత్రం మార్చుకుంటే దాదాపు అన్నిటికీ సరిపోతుంది. కాళ్లు నిమిషానికి 70, 80 సార్లు తేలిగ్గా తిరగాలి. అంతకంటే బాగా తగ్గితే గేరు బరువైనట్టే. బరువుగా తొక్కడం బలం అని నాన్న అనుకుంటారు. నేను ఒప్పుకోను.

నిన్న సాయంత్రం గరాజ్‌లో నాన్న సైకిల్ తలకిందులుగా పెట్టి వెనక చక్రం పళ్లు లెక్కపెడుతున్నారు. ఆదివారం వస్తారో లేదో మాత్రం చెప్పలేదు.