విమాన వాహక నౌకకు అసలు బలం డెక్ సిబ్బందే

2025 ఏప్రిల్ 28న విమాన వాహక నౌకలకు సంబంధించిన రెండు వార్తలు ఒకే రోజు వెలువడ్డాయి. భారత నౌకాదళానికి 26 రఫేల్ మెరైన్ యుద్ధ విమానాలు సమకూర్చేందుకు భారత్, ఫ్రాన్స్ ప్రభుత్వాలు సుమారు 63 వేల కోట్ల రూపాయల ఒప్పందంపై సంతకాలు చేశాయి. అదే రోజు ఎర్ర సముద్రంలో అమెరికా విమాన వాహక నౌక హ్యారీ ఎస్. ట్రూమన్ నుంచి ఎఫ్-18 సూపర్ హార్నెట్ విమానమొకటి, దానిని లాగుతున్న ట్రాక్టరుతో సహా సముద్రంలో పడిపోయింది. ఫ్లైట్ డెక్ కింద ఉండే హ్యాంగరులో విమానాన్ని జరుపుతుండగా అది సిబ్బంది అదుపు తప్పింది. నావికులు సకాలంలో పక్కకు తప్పుకోవడంతో ప్రాణనష్టం జరగలేదు. మరో ఎనిమిది రోజులకు, మే 6న, అదే నౌకపై దిగుతున్న ఇంకొక సూపర్ హార్నెట్‌ను ఆపవలసిన యంత్రాంగం విఫలమైంది. విమానంలోని ఇద్దరూ బయటకు ఎగిరిపడి, హెలికాప్టర్ సాయంతో ప్రాణాలు దక్కించుకున్నారు. విమానం మాత్రం సముద్రం పాలైంది.

వాహక నౌకల నిర్వహణలో వందేళ్ల అనుభవం ఉన్న నౌకాదళానికి ఎదురైన సంఘటనలివి. ఖరీదైన విమానం భద్రంగా ఎగిరి, భద్రంగా దిగడం పైలట్ ఒక్కరి చేతిలో లేదనీ, దానిని తోసేవారు, గొలుసులతో కట్టేవారు, ఇంధనం నింపేవారు, ఆపే తీగలను కనిపెట్టుకుని ఉండేవారు కూడా అంతే కీలకమనీ ఇవి గుర్తుచేస్తున్నాయి. కొత్త విమానాలకు సిద్ధమవుతూ, మూడో వాహక నౌక అవసరాన్ని చర్చిస్తున్న భారతదేశం ఈ కోణాన్ని విస్మరించడానికి వీల్లేదు.

డెక్ మీద ఒక పూట

కొచ్చిన్ షిప్‌యార్డులో నిర్మితమైన ఐఎన్ఎస్ విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరింది. పొడవు 262 మీటర్లు, వెడల్పు 62 మీటర్లు. నిర్మాణ వ్యయం దాదాపు 20 వేల కోట్ల రూపాయలు. సుమారు 1,600 మంది సిబ్బంది నివసించే ఈ నౌకలో 16 పడకల ఆస్పత్రి కూడా ఉంది. దాని డెక్ రెండు ఫుట్‌బాల్ మైదానాలంత ఉంటుందని చెబుతారు. వినడానికి విశాలమే. అయితే నేల మీద యుద్ధ విమానాశ్రయం కొన్ని కిలోమీటర్ల పొడవున చేసే పనులన్నీ ఇక్కడ ఆ రెండు మైదానాల్లోనే, అలలకు ఊగుతూ జరగాలి. ఒక పక్క విమానం దిగుతుంటే, మరో పక్క ఇంకో విమానానికి ఇంధనం నింపుతుంటారు. ఆయుధాలు అమర్చుతుంటారు.

ఎగరడం మొదలుకాక ముందే డెక్ పని మొదలవుతుంది. సిబ్బంది వరుసగా నిలబడి, డెక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నేల చూసుకుంటూ నడుస్తారు. ఊడిపడిన మేకు, తీగముక్క, చిన్న రాయి, ఏది కనిపించినా ఏరివేస్తారు. జెట్ ఇంజిన్ లోపలికి పీల్చుకుంటే చిన్న నట్టు కూడా ఇంజిన్‌ను ధ్వంసం చేయగలదు. అధికారి, నావికుడు అనే భేదం ఆ నడకలో ఉండదు.

ఇంజిన్లు మొదలైతే మాట వినిపించదు. శబ్దం 150 డెసిబెల్స్ దరిదాపులకు చేరుతుంది. అందువల్ల డెక్ మీద భాష రంగులది, చేతి సంజ్ఞలది. అమెరికా నౌకాదళ పద్ధతిలో పసుపు చొక్కావారు విమానాలను కదిలించే, ఆపే సంజ్ఞలిస్తారు. ఊదా చొక్కా ఇంధనం నింపేవారిది. ఎరుపు రంగు ఆయుధాల సిబ్బందికి, మంటలార్పేవారికి. నీలం చొక్కావారు విమానాలను జరిపి, గొలుసులతో డెక్‌కు బిగిస్తారు. ఆకుపచ్చవారు ఎగిరించే, ఆపే యంత్రాలను, విమానాల మరమ్మతులను చూస్తారు. తెలుపు భద్రత, వైద్య సిబ్బందికి చెందినది. గోధుమ రంగు వేసుకున్నవారు ఒక్కొక్క విమానం బాగోగులకు బాధ్యులు. నౌకాదళాన్ని బట్టి రంగుల్లో కొద్దిపాటి తేడాలున్నా, రంగు చూసి మనిషి పనిని గుర్తించే పద్ధతి వాహక నౌకలన్నిటా ఉంది.

అమెరికా పెద్ద నౌకలపై విమానాన్ని విసిరే కేటపుల్ట్ యంత్రాలుంటాయి. విక్రాంత్, విక్రమాదిత్యలపై అవి లేవు. ఇక్కడ విమానం చక్రాలను అడ్డుపెట్టి ఆపి ఉంచుతారు. ఇంజిన్ పూర్తి శక్తిని అందుకున్నాక అడ్డు తొలగిస్తారు. సుమారు 200 మీటర్లు, అవసరాన్ని బట్టి అంతకన్నా తక్కువ దూరం పరుగెత్తి, పైకి వంగిన స్కీ జంప్ మీదుగా విమానం గాలిలోకి లేస్తుంది.

దిగడం ఇంకా కష్టం. డెక్‌కు అడ్డంగా మూడు ఉక్కు తీగలు పరచి ఉంటాయి. విమానం తోక కింది కొక్కెం వాటిలో ఒకదాన్ని పట్టుకోవాలి. గంటకు దాదాపు 240 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం రెండున్నర సెకన్లలో నిలిచిపోతుంది. చక్రాలు డెక్‌ను తాకగానే పైలట్ ఇంజిన్ వేగం తగ్గించడు, పెంచుతాడు. కొక్కెం తీగను అందుకోకపోతే మళ్లీ గాలిలోకి లేవాలి కదా! డెక్ అంచున నిలబడి విమానం రాకను గమనిస్తూ, సూచనలిస్తూ, అవసరమైతే వెనక్కి పంపే ల్యాండింగ్ అధికారి స్వయంగా అనుభవజ్ఞుడైన పైలటే అయి ఉంటాడు. మిగ్-29కె 2023 ఫిబ్రవరిలో తొలిసారి విక్రాంత్‌పై దిగింది. మే నెలలో రాత్రి వేళ కూడా దిగింది. పైలట్ నైపుణ్యంతో పాటు చీకట్లో తమ పని తప్పకుండా చేయగల డెక్ సిబ్బంది కూడా సిద్ధమయ్యారనడానికి అది సూచన.

ఒక్క నిమిషంలో విషాదం

ఈ సన్నద్ధత లోపిస్తే ఏమవుతుందో చెప్పే ఉదంతం 1967 జులై 29న టోంకిన్ సింధుశాఖలో జరిగింది. అమెరికా నౌక ఫారెస్టల్ డెక్ మీద ఒక విమానం నుంచి రాకెట్ ప్రమాదవశాత్తు దూసుకుపోయి, ఎదురుగా నిలిపి ఉన్న విమానం ఇంధన ట్యాంకును తాకింది. మంటలు చెలరేగాయి. శిక్షణ పొందిన అగ్నిమాపక దళం క్షణాల్లో అక్కడికి చేరింది. కానీ నిమిషంన్నర గడిచిందో లేదో, మంటల్లో చిక్కిన బాంబు పేలింది. ముందు వరుసలో ఉన్నవారిలో ఎక్కువమంది అక్కడికక్కడే మరణించారు. ఆ తర్వాత గొట్టాలు పట్టుకున్న నావికులకు ధైర్యం ఉంది, శిక్షణ లేదు. ఒకరు నురగ చల్లితే మరొకరు నీళ్లు చల్లి దానిని కడిగేశారు. మొత్తం 134 మంది ప్రాణాలు కోల్పోయారు. నౌకలో ప్రతి ఒక్కరికీ మంటలార్పడం తెలిసి ఉండాలన్న నియమం ఆ విషాదం నుంచే బలపడింది.

భారత నౌకాదళానికీ ఈ బాధ తెలుసు. 2019 ఏప్రిల్ 26న కార్వార్ రేవులోకి ప్రవేశిస్తున్న విక్రమాదిత్యలో మంటలు రేగినప్పుడు, వాటిని అదుపు చేసే ప్రయత్నానికి నాయకత్వం వహించిన యువ లెఫ్టినెంట్ కమాండర్ ప్రాణాలు కోల్పోయారు. నౌక పోరాట సామర్థ్యానికి పెద్ద నష్టం వాటిల్లకుండా కాపాడినవారు ఆ సిబ్బందే.

తెగిపోయిన అనుభవం

భారత నౌకాదళానికి వాహక నౌక కొత్త కాదు. పాత విక్రాంత్ 1961లోనే చేరింది. 1971 యుద్ధంలో దానిని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం తీరానికి చేరువలో మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు తరలిపోయి ఉంది. ఒక బాయిలర్ దెబ్బతిని వేగం తగ్గినా, ఆ నౌక డెక్ మీద నుంచే సీ హాక్, అలిజే విమానాలు ఎగిరి చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై దాడులు చేశాయి.

ఆ తర్వాతి మార్పు గమనించదగినది. 1980లలో సీ హారియర్లు వచ్చాయి. నిలువుగా దిగగల ఆ విమానానికి తీగలతో పని లేదు. విశాఖ సాగరతీరంలో ప్రదర్శనకు ఉంచిన సీ హారియర్‌ను చూసినవారికి దాని తీరు తెలిసే ఉంటుంది. విక్రాంత్ నుంచి కేటపుల్ట్ తొలగించి స్కీ జంప్ అమర్చారు. తీగ పట్టుకుని దిగే అలిజేలు ఓడకు దూరమయ్యాయి. 2013 నవంబరులో విక్రమాదిత్య చేరి, 2014 ఆరంభంలో మిగ్-29కె విమానాలు దానిపై దిగేవరకు, దాదాపు పాతికేళ్లపాటు ఆ విద్య భారత డెక్‌ల మీద సాధనలో లేదు. పైలట్లు అమెరికాలో శిక్షణ పొందారు. గోవాలో నేల మీదే స్కీ జంప్, తీగలతో సాధన కేంద్రం నిర్మించవలసి వచ్చింది. ఒక తరం నావికులకు కొట్టిన పిండి అయిన పనిని తర్వాతి తరం మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

విమానాలు మాత్రమే కొంటే సరిపోదన్నదీ అప్పుడే తెలిసింది. మిగ్-29కె విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉండే స్థాయి 15.93 నుంచి 37.63 శాతం మధ్యే ఉందని కాగ్ 2016లో తన నివేదికలో ఎత్తిచూపింది.

మూడో నౌక ప్రశ్న

2025 నవంబరులో చైనా తన మూడో వాహక నౌక ఫుజియాన్‌ను విద్యుదయస్కాంత కేటపుల్ట్‌లతో సేవలోకి తెచ్చింది. రెండు నౌకలున్నప్పుడు ఒకటి మరమ్మతుకు వెళ్తే మిగిలేది ఒక్కటే. తూర్పు, పడమర తీరాల్లో ఒక్కొక్కటి ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటే మూడు అవసరమన్నది నౌకాదళం చిరకాల వాదన. అంత డబ్బుతో జలాంతర్గాములు సమకూర్చుకోవడం మేలన్నది ఎదుటి పక్షం వాదన. తొలి త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ 2020లో ఈ అభిప్రాయాన్నే వ్యక్తం చేశారు. దూరశ్రేణి క్షిపణుల కాలంలో పెద్ద నౌక పెద్ద లక్ష్యమవుతుందన్న ఆందోళనా తోసిపుచ్చదగినది కాదు.

ఈ రెండు వాదనలూ నౌకల లెక్కతోనే ఆగిపోతున్నాయి. మనుషుల లెక్క కూడా వేయాలి. నౌక మరమ్మతులో ఉన్న నెలల్లో దాని డెక్ సిబ్బందికి సాధన ఉండదు. నిర్మాణానికి పట్టే కాలం దృష్ట్యా నిర్ణయం ఆలస్యమైతే మళ్లీ విరామం వస్తుంది. మూడో నౌక వద్దనుకున్నా, ఉన్న రెండింటి సాధన తెగిపోకుండా చూడటం తప్పనిసరి.

నియామకాల తీరుకూ దీనితో సంబంధం ఉంది. అగ్నిపథ్ కింద నౌకాదళంలో చేరిన తొలి బృందం 2023 మార్చిలో ఒడిశాలోని చిల్కాలో శిక్షణ పూర్తిచేసుకుంది. అందులో మహిళలూ ఉన్నారు. వారి నాలుగేళ్ల గడువు 2026 చివరలో ముగుస్తుంది. 25 శాతం వరకు కొనసాగే వీలుంది. అమెరికా డెక్‌ల మీద పనిచేసేవారిలోనూ ఎక్కువమంది ఇరవై ఏళ్ల లోపు, ఆ పైబడిన యువతే. కొన్నేళ్లలో చాలామంది వెళ్లిపోతారు. అయినా పని నిలబడుతున్నది పదిహేను, ఇరవై ఏళ్లుగా డెక్‌ను ఎరిగిన సీనియర్ నావికుల వల్ల. ఆ నాలుగో వంతులో డెక్ అనుభవం ఉన్నవారికి తగిన చోటు దక్కుతుందా అన్నది అందుకే ముఖ్యం.

రఫేల్ మెరైన్ విమానాలన్నీ 2030 నాటికి అందాలి. ఇవి ఫ్రాన్స్‌లో కేటపుల్ట్‌తో ఎగిరే విమానాలు. గోవాలో 2022 జనవరిలో స్కీ జంప్ పరీక్షలు జరిగాయి. మిగ్-29కె రెక్కలు ముడుచుకుంటాయి, వీటివి ముడుచుకోవు. అంటే డెక్ మీద నిలపడం, లిఫ్టుతో హ్యాంగరులోకి దించడం, జరపడం, అన్నీ కొత్తగా అలవాటు చేసుకోవాలి. ట్రూమన్‌లో అదుపు తప్పిన పని సరిగ్గా ఇలాంటిదే. ఒప్పందం ప్రకారం సిబ్బందికి ఫ్రాన్స్‌లోనూ, భారత్‌లోనూ శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ పైలట్లతో పాటు పసుపు, నీలం, ఊదా చొక్కాల యువతకూ అదే శ్రద్ధతో అందాలి. తొలి రఫేల్ విక్రాంత్‌పై దిగే ఉదయం డెక్ అంతా కలియనడిచి నట్టులూ మేకులూ ఏరేది వారే.