బావగారి బుల్లెట్టు

మా బావగారు బుల్లెట్టు అమ్మేస్తున్నారని అక్కయ్య కబురు చేస్తే నేను నమ్మలేదు. అది 1986 నాటి బండి. పిల్లలిద్దరూ దాని ట్యాంకుమీద కూర్చునే పెరిగారు. బావగారు తనను ఎవరేమన్నా ఊరుకుంటారు గాని బండిని ఒక్కమాట అననివ్వరు. మర్నాడే రాజమండ్రి వెళ్ళాను.

సంగతేమిటంటే, కడియం దాకా వెళ్ళి వచ్చేసరికి ఆయన వేళ్ళు తిమ్మిరెక్కిపోతున్నవి. కాఫీగ్లాసు కూడా పట్టు చిక్కడంలేదు. డాక్టరుగారు చూసి, “ఈ వణుకు చేతుల నరాలకు మంచిది కాదు. వణుకైనా తగ్గించండి, బండైనా మానండి,” అన్నారట. బావగారు రెండో మాటే విన్నారు. బేరం కూడా కుదిరింది. ఆదివారం డబ్బు తెస్తానని చెప్పి ఒకాయన వెళ్ళాడు. నేను దిగింది గురువారం.

బుల్లెట్టు వణకదా అని మీరడగవచ్చు. వణుకుతుంది. ఇంగ్లండులో రెడిచ్‌లో పుట్టి, 1955 తర్వాత మద్రాసులో పెరిగిన ఆ ఇంజనుకు ఒకటే సిలిండరు. 70 మిల్లీమీటర్ల వ్యాసం, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. అంత పిస్టను పైకీ కిందికీ పరుగెత్తుతుంటే, ఎదురుగా చక్రాలకు బరువు కట్టినా ఆ ఊపులో కొంతే చల్లారుతుంది; మిగిలింది మన చేతుల్లోకీ కాళ్ళల్లోకీ రావలసిందే. కాని వణకడం వేరు, తిమ్మిరెక్కించడం వేరు. ముప్ఫైయేళ్ళు ఊరుకున్న చేతులు ఈ ఏడే ఎందుకు మొరాయించాలి?

పాతబస్తీలో ఒక సాయిబుగారున్నారు. కొత్త బండ్లు ముట్టుకోరు. ఆయన స్టార్టు కూడా చేయకుండా బండిచుట్టూ ఒకసారి తిరిగి, సిలిండరు నెత్తిని తడిమి, “దీని పట్టీ ఏదీ?” అన్నారు.

ఇంజను తలను ఫ్రేముకు కలిపి పట్టే చిన్న ఇనుప పట్టీ ఉంటుంది. ఆర్నెల్ల క్రితం ఒక షెడ్డులో హెడ్డు విప్పి బిగించినప్పుడు దాన్ని తిరిగి పెట్టలేదు! బుల్లెట్టులో ఇంజనే ఫ్రేములో ఒక భాగం. ఆ తల వదులైతే, కింది బోల్టులు కూడా ఒక్కొక్కటే సడలుతాయి. సాయిబుగారు అన్నిటికీ స్పానరు పెట్టి చూస్తే మూడు తిరిగినవి.

తర్వాత ట్యాపెట్లు. ఇంజను చల్లగా ఉండగా, రెండు వాల్వులూ మూసుకునేచోట పిస్టనును పైకి తెచ్చి, సిలిండరు పక్క మూత తీశారు. పుష్‌రాడ్లు వేళ్ళతో తిప్పితే హాయిగా తిరగాలి. పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. ఒకటి తిరిగింది, ఆడింది కూడా. టకటకమనే చప్పుడు దానిదే.

అసలు ముచ్చట ప్లాటినం పాయింట్ల దగ్గర. వాటి సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. అవి విడిపడే క్షణాన్ని కనిపెట్టడానికి సాయిబుగారు యే యంత్రమూ తేలేదు. తాళంచెవి తిప్పి, ఇంజనును చేత్తో మెల్లగా కదుపుతూ, హెడ్‌లైటుపైనున్న ఆమీటరు ముల్లును చూడమన్నారు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ ముల్లు ఒక పక్కకు వాలి ఉంటుంది. విడిపడగానే టక్కున మధ్యకు వస్తుంది. బావగారు కళ్ళజోడు సవరించుకుని, “వచ్చింది, వచ్చింది!” అని అరిచారు. అమ్మకం సంగతి అప్పుడే సగం మరిచారని నాకనిపించింది.

ప్రైమరీ చైను బిగువు సరిచేసి, వెనక హబ్బులో గతుకుల్ని మింగే రబ్బర్లు గట్టిబారి ఉంటే కొత్తవి వేశారు. పిడులకు మెత్తని తొడుగులు, హ్యాండిలు కొసలకు చిన్న బరువులు. కొత్తగా చేర్పించినవి ఈ రెండే.

మా మేనల్లుడు మాత్రం ఊరుకోలేదు. పాయింట్లు పీకి ఎలక్ట్రానిక్ ఇగ్నిషను పెట్టించమన్నాడు. మంచిదే, మాటిమాటికీ సర్దుకునే పని ఉండదు. కాని అది దారిలో చెడితే ఏమీ చేయలేం. పాయింట్లను పోస్టుకార్డు ముక్కతో తుడిచి ఇల్లు చేరవచ్చు. గేర్‌బాక్సు స్ప్రాకెట్టు 16 పళ్ళది తీసి 17 పళ్ళది వేస్తే, అదే వేగానికి ఇంజను నూటికి ఆరు చుట్లు తక్కువ తిరుగుతుంది. హైవేమీద ఒంటరిగా పోయేవాళ్ళకు సుఖం. వెనక అక్కయ్యనూ బియ్యం బస్తానూ ఎక్కించుకుని ఎత్తెక్కే మనిషికి కాదు. మోతసైలెన్సరు సంగతెత్తితే బావగారే కసిరారు. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషను 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. తయారీలో ఉన్నదాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. చప్పుడుతో ఇంజను నున్నబడుతుందని ఎవరు చెప్పారోగాని, ఆ భ్రమ కుర్రకారులో ఇంకా పోలేదు.

శనివారం సాయంత్రం బావగారు కడియం వెళ్ళి గులాబీమొక్క తెచ్చారు. చేతులు చాచి వేళ్ళు ముడిచి, విప్పి చూసుకున్నారు. తిమ్మిరి బొత్తిగా పోలేదు. చిటికెనవేళ్ళలో కొంచెం ఉందన్నారు. డాక్టరుగారి దగ్గరకు మళ్ళీ వెళ్ళవలసిందేనని అక్కయ్య, దూరం పోనని ఆయన, ఒప్పందానికి వచ్చారు.

ఆదివారం పొద్దున డబ్బుతో వచ్చిన పెద్దమనిషికి అక్కయ్య ఉప్మా పెట్టింది. ఆయన బండి స్టార్టు చేయించుకుని రెండు నిమిషాలు విని, “మొన్న ఇలా లేదే! ఇంకో రెండువేలు వేస్తానండీ,” అన్నాడు.

బావగారు తాళంచెవి జేబులో వేసుకుని, “ముందు ఉప్మా తినండి, చల్లారిపోతుంది,” అన్నారు.